లేదనే ముందు

సర్వరు రాసుకునే లాగ్ మన పాత కిరాణా కొట్టు చిట్టా వంటిదే. జరిగినది జరిగినట్టు వరసగా పడుతూ పోతుంది. దానిని విడదీసి ఆవర్జాకు ఎక్కించే గుమాస్తా ఉండడు. కావలసినది మనమే వెతుక్కోవాలి.

అమెజాన్ క్లౌడ్‌వాచ్‌లో ఆ వెతుకులాటకు ‘ఫిల్టర్ లాగ్ ఈవెంట్స్’ అనే ఏపీఐ ఉంది. ఒక విడతకు 1 ఎంబీకి మించకుండా, గరిష్ఠంగా 10,000 నమోదులు ఇస్తుంది. ఒక్కొక్కసారి ఏమీ ఇవ్వదు. ఖాళీ పుటతో బాటు ఒక ‘నెక్స్ట్ టోకెన్’ చేతిలో పెడుతుంది. వెతకవలసిన భాగం ఇంకా మిగిలి ఉండవచ్చునని దాని భావం.

ఒక విద్యార్థిని పరీక్ష ఫీజు కట్టానంటోంది, కట్టలేదంటోంది కార్యాలయం. తేల్చవలసిన పని నా మీద పడింది. నాలుగు పుటలు ఖాళీగా వచ్చాయి. "లేదని రాసి పంపెయ్యండి" అన్నారు పక్కనున్నాయన. అయిదో పుటలో ఆమె దరఖాస్తు సంఖ్య కనబడింది. యూటీసీ కాలానికి అయిదున్నర గంటలు కలిపితే, సరిగ్గా ఆమె చెప్పిన వేళే!

చూసినంతలో లేదనడం వేరు, అసలే లేదనడం వేరు. ఆ తేడాను యంత్రం ఒక టోకెన్‌తో గుర్తు చేస్తుంది. అర్జీలు తిప్పి పంపే బల్లల మీద అలా గుర్తు చేసేదేదీ ఉండదు కదా!