మా సిద్దిపేట పెరటి వసంతము

మా సిద్దిపేట హైదరాబాదునకు ఉత్తరముగా ఇంచుమించు నూరు కిలోమీటర్ల దూరమున, కరీంనగరమునకు పోవు రాజీవ్ రహదారిపై నున్నది. పూర్వము మెదకు జిల్లాలోని పట్టణము. 2016 అక్టోబరు 11వ తేదీన జిల్లాకేంద్రమైనది. గొల్లభామ చీరలు గట్టినవారికి ఈ యూరి పేరు క్రొత్తగాదు. కాని నేను వ్రాయబూనినది చీరలను గూర్చి కాదు, మా పెరటిని గూర్చి. అందు నా చేతిలో చచ్చిన మొక్క యొకటి, చావకయే రెండేండ్లు మూగవోయిన మొక్క యొకటి కలవు. ఆ రెండును నాకు నేర్పిన సంగతి, ఇంటివెనుక నాలుగు మొక్కలు పెంచుకొనువారికి పనికివచ్చునని తోచి వ్రాయుచున్నాను.

నా పుట్టినిల్లు గోదావరి యొడ్డున ధర్మపురి. మా తాతగారు నాచేత అమరము వల్లెవేయించి, పిమ్మట భాగవతమును, పారిజాతాపహరణమును చదివించిరి. కావ్యములు చదివిన నాకు వసంతమనగా చల్లని కొలనులు, లేజిగురు మామిళ్ళు, కోయిలలు. పెండ్లియై వచ్చిన తొలి ఫాల్గునమున ఇచటి యెఱ్ఱచెలకలు దుమ్ము లేచుచు, చెట్లు ఆకురాల్చి నిలిచియుండుట చూచి, ఈ సీమకు వసంతుడు దారితప్పియైన రాడు కాబోలునని యనుకొంటిని. ఒక యాదివారము మావారు నన్ను చంద్లాపూరు గుట్టలవైపు తీసికొనిపోయిరి. (వారు బడిపంతులు; నడిపించి చూపనిదే యే పాఠమును చెప్పరు.) అచట ఒక్క యాకైన లేని మోదుగు చెట్లు నిలువెల్ల ఎఱ్ఱని పూలతో మండుచున్నట్లుండెను. 'కింశుకము' అను మాటను బాల్యమున ఎన్నిమార్లు వల్లించితినో! ఇది చిలుకయా యని యడుగుటయే యా పేరునకు అర్థమని యెఱుగుదును. కాని చిలుకముక్కువలె వంగిన యా పువ్వును అఱచేత పెట్టుకొన్న దినముననే యా మాట నాకు తెలిసినది. కామునిపున్నమకు ఈ పూలనే నీట కాచి రంగు తీయుదురు. ఆకులు వచ్చి ముదిరినపిమ్మట విస్తళ్ళగును.

"ఏడాదిలో నేల యింత ఎండిన నెలలో ఈ చెట్టు ఇన్ని పూలెట్లు పూయుచున్నది?" అని మావారు నన్నడిగిరి. నాకు సమాధానము తోచలేదు. ఇంటికి వచ్చి వంటపనిలో పడి ఆ ప్రశ్నను మఱచితిని. పెరటి గోడ కావలనున్న వేపచెట్టు కూడ ఆ యెండలోనే ఆకు రాల్చి, చిగురించి, ఉగాది పచ్చడికి పూవు నిచ్చుట ఏటేట చూచుచునే యుంటిని. చూచుట వేఱు, తెలిసికొనుట వేఱు గదా!

ఇక చచ్చిన మొక్క సంగతి. మా చెల్లెలు అమెరికాలో మినెసోటా రాష్ట్రమున కాపురమున్నది. ప్రతి మే నెలలో తన పెరటి చిత్రములను ఫోనులో పంపును. ఆ పెరటి కంతటికిని అందము హోస్టా యను మొక్క. దీనిని పూలకన్న ఆకులకై యెక్కువగా పెంచుదురు. చామాకువలె వెడల్పై, ఈనెలు లోతుగా దిగి, కొన్నిటికి నీలిచాయయు, కొన్నిటికి తెలుపో పసుపో అంచును గలిగి, చెట్లనీడను గుబురుగా పెరుగును. దీని జన్మభూమి చైనా, కొరియా, జపాను దేశములు. జపానునుండి వీనిని ఐరోపాకు చేర్చినవారిలో ముఖ్యుడు 1823లో అచటికి వచ్చిన జీబోల్డు అను వైద్యుడు. పేరు మాత్రము హోస్టు అను ఆస్ట్రియా దేశపు వృక్షశాస్త్రజ్ఞునిది. చైనావారు తెల్లని పరిమళపు పూలుగల యొక జాతిని 'పచ్చల కొప్పుసూది' యను నర్థము వచ్చు మాటతో పిలుతురు. మొగ్గ ఆ యాకారముననే యుండును. జపానువారు లేత మొలకలను కూరవండుకొందురు. మినెసోటాలోనో, తినుటకు జింకలు వచ్చునట! రాత్రికి రాత్రి ఆకులన్నియు మేసి కాడలు మిగిల్చిపోయినవని చెల్లెలు వాపోయినప్పుడు, "కణ్వాశ్రమపు లేళ్ళు నయము, అవి అడిగి తినెడివి" అని నేను నవ్వితిని.

నవ్వితినే గాని, నాకును సత్యభామకు పుట్టిన కోరికయే పుట్టినది. మా ఇంటివారు ఇంద్రునితో యుద్ధము చేయువారు గారు గనుక, తపాలాద్వారా మొక్కలమ్ము నొకరియొద్ద దుంప తెప్పించుకొంటిని. కార్తికమున ఉత్తరపు గోడనీడను కుండీలో నాటితిని. రెండాకులు విచ్చినవి. ఇరుగుపొరుగు వచ్చి చూచిరి. ఒకామె పులుసులోనికి బాగుండునని కూడ ననెను. శివరాత్రికి ఆకులు పాలిపోయినవి. ఉగాదికి అంచులు మాడినవి. తడిగోనె చుట్టితిని, పూటపూటకు నీరు చిలుకరించితిని. మే నెల వచ్చుసరికి కుండీలో మన్ను మాత్రమే మిగిలెను.

దోషము ఎండది మాత్రమే కాదని చెల్లెలు చెప్పగా తెలిసినది. హోస్టా శరత్కాలమున ఆకులన్నియు రాల్చి, మంచుక్రింద నెలలకొలది నిద్రించును. వేరునకు కొన్ని వారములపాటు సుమారు 5 డిగ్రీలకు లోబడిన చలి తగులవలెను. అప్పుడే దాని మొలక బలముతో లేచును. మన పుష్యమాసపు చలి దానికి కునుకునకైన చాలదు. పారిజాతమును శ్రీకృష్ణుడు తెచ్చి సత్య పెరటిలో నాటినను, ఆయన యవతారము చాలించినంతనే అది మరల స్వర్గమునకు పోయెనని విష్ణుపురాణము చెప్పుచున్నది. నా కుండీలోని దానికి మరలిపోవు దారియు లేకపోయెను. నిద్రకు నోచుకొనని ప్రాణిని తెచ్చి చంపితినే యని చాలకాలము బాధపడితిని.

ఆ బాధయే రెండవ తప్పు చేయించినది. మా పెరటిలో మా యత్తగారు తన పుట్టింటినుండి అంటు తెచ్చి నాటుకొన్న మల్లె యున్నది. ఆమెకు కన్నులు కనబడక యేడేండ్లైనది. ఇంటి ముందరి యరుగుమీది మంచమే ఆమె లోకము. వసంతము వచ్చెనని ఆమెకు తెలియునది మల్లెవాసనవలననే. వెనుకటి దినములలో ఆ చెట్టునకు అంట్లు తోమిన నీరే గతి; వేసవిలో అదియును లేదు. 2020లో గోదావరి నీరు ఎత్తిపోతలద్వారా మా యూరి దగ్గఱ చంద్లాపూరు వద్దనున్న రంగనాయకసాగరమునకు చేరినది. ఆ జలాశయము మూడు టీఎంసీల నీరు పట్టును. తరువాత మా బావిలోను నీరు పైకి వచ్చినది. నీటికఱవు నెఱిగిన ఇల్లాలికి చేతినిండ నీరు దొరకిన నాగునా? హోస్టా ఎండిపోయెనన్న భయమొకటి. చలికాలమని లేదు, వానకాలమని లేదు, ఉదయము రెండు బిందెలు, సాయంకాలము రెండు బిందెలు. మల్లె పందిరి దాటి పచ్చగా పెరిగినది. పువ్వు లేదు. మఱుసటి యేడును లేదు.

"మల్లె పూసిందా, బిడ్డా?" అని అత్తగారు దినమొక్కసారి యడుగుదురు. ఆ ప్రశ్నకు తాళలేక ఒకనాడు బజారులో రెండు మూరలు కొని తెచ్చి ఆమె తలగడ ప్రక్కన పెట్టితిని. ఆమె దండను తడవి చూచి, "గివి మన చెట్టువి గావు. అరటినార తగులుతున్నది" అనిరి. నేను దాచలేక చెప్పివేసితిని.

"చెట్టుకు రోజూ నీళ్లు పోస్తున్నవా?"

"అవునత్తమ్మా, రెండు పూటలా."

"కడుపు నిండినదానికి ఆకలేడికెళ్లొస్తది? ఎండగొట్టు బిడ్డా. ఎండగొడితేనే పూస్తది."

చంద్లాపూరు గుట్టలకడ మావారడిగిన ప్రశ్నకు సమాధానము ఆనాడు ఇంటిలోనే దొరకినది. చలిదేశపు మొక్కకు మంచు నిద్ర. మన మొక్కకు దప్పి నిద్ర. మల్లె క్రొత్తగా వచ్చిన కొమ్మల కొనలయందే మొగ్గ తొడుగును. ఎల్లప్పుడు నీరు త్రాగు చెట్టు ఆకుమీద ఆకు వేయునే గాని ఒక్కమాఱుగా క్రొత్తకొమ్మలు విసరదు. అమరసింహుడు మల్లెకు 'శీతభీరువు' అని పేరు పెట్టెను, చలికి జడియునదని. మా చెల్లెలు మినెసోటాలో కుండీలో పెంచు మల్లెను శీతకాలము రాకమునుపే ఇంటిలోనికి చేర్చి కిటికీకడ నుంచును. ఒకే తల్లి బిడ్డలమైన మాలో ఒకతె పెరడు మంచుతో నిద్రించును, ఒకతె పెరడు దప్పితో నిద్రించును.

అత్తగారు చెప్పినట్లు చేసిన విధము వ్రాయుచున్నాను. మార్గశిరము చివర నీరు మానితిని. (కుండీలోని మల్లెకైనచో ఒకమాఱుగా మానరాదు, వేరు చావకుండునంత తడి చూపవలెను.) మాఘమున ఎండుపుల్లలను, సన్నని తీగలను తీసివేసి, మిగిలినదానిని మోకాలి యెత్తున కత్తిరించి, ఉన్న యాకులను చేతితో దూసివేసితిని. ఆకు దూయునప్పుడు నా చేయి వణకినది. పొరుగామె గోడమీదినుండి చూచి, "మొత్తానికే చంపుతున్నవా?" అనెను. పాదు త్రవ్వి నాలుగు దినములు ఎండ సోకనిచ్చి, మాగిన పశువుల యెరువు తట్టెడు వేసి నీరు నిండుగా పెట్టితిని. పిదప పైమన్ను ఆరినప్పుడే నీరు. వంటింటి తడిచెత్తను కుళ్ళబెట్టిన యెరువైనను చాలును. మా యూర తడిచెత్త, పొడిచెత్త వేఱు చేయుట అలవాటే గనుక దానికి కొఱతలేదు. మొగ్గలు కొన్ని ఊదారంగు తిరిగిన యెడల లోపల పురుగున్నదని యెఱిగి, వానిని గిల్లి దూరముగా పాఱవేయవలెను.

ఉగాదినాడు వేపపువ్వు కోయ పెరటిలోనికి పోయినప్పుడు తొలిమొగ్గలు కనబడినవి. సాయంకాలము నాలుగు గంటలకు, ఇంకను విచ్చకమునుపే, కోసి అత్తగారి దోసిట పోసితిని. ఆమె వ్రేళ్ళతో ఒక్కొక్కటియే లెక్కించిరి. పదునొకండు. "గివి మనవే" అని, నాలుగు తన తలగడక్రింద పెట్టుకొని, తక్కినవి నా జడలో పెట్టుకొమ్మనిరి.

హోస్టామీది మోజు నన్ను పూర్తిగా వదలలేదు. దాని కుండీలో నిప్పుడు కలాడియము పెట్టితిని. చామజాతిది, ఆకు ఎఱుపు, తెలుపు, పచ్చ కలిసి ముగ్గువేసినట్లుండును. దుంప చలికాలమున ఎండిపోయినట్లు నిద్రించి వేడికి లేచును. నీడను కోరును. ఇది తినునది కాదు. నమలిన నోరు మండి వాచును గనుక ప్రాకు బిడ్డలున్న యింట ఎత్తున నుంచవలెను. ఎఱ్ఱని బంతివలె పూచు మే లిల్లిని గూడ రెండు గడ్డలు నాటితిని. చలికాలమంతయు పేరులేకుండ పడియుండి, మే నెలలో తొలివానకు నేలను చీల్చుకొని వచ్చును. దానికి నేను చేయవలసినది యేమియు లేదు, త్రవ్వి చూడకుండుట తప్ప. అదియే నాకు కష్టము.

నేడు మాఘ బహుళ పంచమి. ఈ యేటి మల్లెకు ఆకు దూసి వారమైనది. సాయంకాలము పాదుకు తొలినీరు పెట్టితిని. నీటి చప్పుడు విని అత్తగారు అరుగుమీదినుండి, "ఎన్ని బిందెలు?" అని యడిగిరి. రెండని చెప్పితిని.

"చాలు, ఇగ రా" అనిరి.