సగరోళి మంచె మీద ఒక రాత్రి

మా అత్తగారి ఊరు సగరోళి. బోధన్ నుంచి సాలూర దగ్గర మంజీర దాటితే మహారాష్ట్ర. నాందేడ్ జిల్లా బిలోలి తాలూకాలో ఉంది ఈ ఊరు. 1956 నవంబరు 1 వరకు నదికి ఇటూ అటూ అంతా హైదరాబాదు రాష్ట్రమే. తర్వాత గీత గీశారు గాని చుట్టరికాలు చెరిపేయలేదు. మా అత్తగారింట్లో తెలుగు, బజారుకు వెళితే మరాఠీ.

గత దసరాకు మా బావమరిది కెనడా నుంచి వచ్చాడు. 2006లో ఆల్బర్టాలోని ఫోర్ట్ మెక్‌మరే వెళ్లాడు, చమురు పనికి. ఇసుక నుంచి నూనె అంటే మనకు భర్తృహరి గుర్తొస్తాడు. అక్కడ అది నిజంగానే జరుగుతుంది. బిటుమెన్ పట్టిన ఇసుకను తవ్వి, వేడినీళ్లతో కడిగి విడదీస్తారు. పీపా నూనెకు సుమారు రెండు టన్నుల ఇసుక కావాలట.

వెళ్లమన్నది నేనే. బ్యాంకు బుద్ధి కదా! జీతం, ఖర్చు, అప్పు కాగితం మీద వేసి, "పదేళ్లు కష్టపడితే చాలు, వెనక్కి రావచ్చు" అన్నాను. ఆ కాగితంలో 2014లో పీపా నూరు డాలర్లకు పైనున్న ధర 2016 మొదట్లో ముప్ఫై లోపుకు పడటం లేదు. అదే ఏడు మే 3న అడవి అంటుకుని ఊరు ఊరంతా, ఎనభై వేలమందికి పైగా, కట్టుబట్టలతో కదలడమూ లేదు. ఆ రాత్రి మా అత్తగారు ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "నువ్వే పంపినవ్ గద బిడ్డా" అని ఒక్కమాట అంది. వాళ్ల ఇల్లు మిగిలింది. ఆ మాటా మిగిలింది.

మరి ఎందుకు రాలేదంటే, వాడికి అక్కడి అడవి పట్టింది. చిన్నప్పుడు మంజీరలో గాలం వేసి, మామగారి వెంట పొలం కాపలాకు తిరిగినవాడు. మామగారికి పంట రక్షణకు లైసెన్సు తుపాకీ ఉండేది. పేల్చింది తక్కువ, భుజాన వేసుకు తిరిగింది ఎక్కువ. ఆయన పోయాక ఠాణాలో అప్పగించేశాం. 1972 చట్టం, 1991 సవరణ తర్వాత మన దగ్గర సరదా వేట లేనే లేదు. అక్కడ శిక్షణ, పరీక్ష, లైసెన్సు. జంతువుకు ఒక ట్యాగు. మూస్ అనే గుర్రమంత దుప్పికి చాలాచోట్ల లాటరీ. కొట్టిన జంతువు మాంసం పారేస్తే నేరం. వారాల తరబడి షిఫ్టులు చేసి, సెలవు రాగానే స్నేహితులతో గుడారం వేస్తాడట. "తుపాకీ పేలనోడే ఎక్కువ బావా. పొద్దుగాల మంచులో సప్పుడు లేకుండ కూసునుడే మజా."

ఈసారి వాడు వచ్చింది పొలం సంగతి తేల్చడానికి. నాలుగెకరాలు. అడవిపందులు సోయాను దున్నేస్తున్నాయి, కౌలుదారు ఇక చేయలేనన్నాడు. అమ్మేసి అమ్మను తీసుకుపోదామని వాడి ఆలోచన. అత్తగారు కదలదు.

రాత్రి ఇద్దరం మంచె ఎక్కాం. ఆల్బర్టా లైసెన్సున్న వేటగాడి చేతిలో ఒక రేకు డబ్బా, ఒక కర్ర! పంట తినే పందిని కొట్టాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి. మూడో ఝాములో చేను కదిలింది. నేను టార్చి వేయబోతే వాడు చెయ్యి పట్టుకుని ఆపాడు. తల్లి పంది, వెనక పిల్లలు. కాసేపు చూశాడు. నాకైతే చెమటలు పట్టాయి. తర్వాత డబ్బా అందుకుని వాయించాడు చూడండి, ఊళ్లో కుక్కలన్నీ లేచాయి. వాడు నవ్వుతున్నాడు. ఇరవై ఏళ్ల క్రితం రైలెక్కినప్పటి ముఖం.

"అమ్మితే ఎంతొస్తది బావా?" అన్నాడు తెల్లవారుతుండగా.

నేను లెక్క వేయలేదు. "ఈసారి నన్నడక్కు" అన్నాను.

పొలం అమ్మలేదు. ఊళ్లోని కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లి మాట్లాడి వచ్చాడు. సోలార్ కంచెకు డబ్బు కట్టాడు, సగం నేను వేశాను. కౌలుదారు ఇంకో పంట చూస్తానన్నాడు. పోయిన ఆదివారం ఫోను చేశాడు. లాటరీలో మూస్ రాలేదట. ఆ బాధ రెండు మాటల్లో ముగించి, "మన పందులొస్తున్నయా?" అని అడిగాడు.