నాడాలు తీసిన ఏడాది

జూన్ 4
నాడాలు తీయించాం. ఎనిమిదేళ్లు పాతబస్తీ బరాత్‌ల్లో తారురోడ్డు మీద నడిచిన ఆడగుర్రం. నాల్‌బంద్ చాచా మేకుల వంపులు ఒక్కొక్కటే విప్పి, పట్టకారుతో లాగాడు. డెక్క పైఅంచున, వెంట్రుకలు ఆగేచోట, ఆకురాయితో సన్న గీత గీయించాను. నాలుగు నాడాలూ సాయంత్రానికల్లా నాలుగు గుమ్మాలకు చేరాయి.

జూన్ 5
కంకర మీద అడుగు వేయలేదు. నీళ్ల తొట్టి దాకా ఇసుక పరిచాం. "తొందరొద్దు బేటా, అరికాలు గట్టిపడాలె" అన్నాడు చాచా.

జూన్ 11
గుర్రపుడెక్క శుభ్రం చేస్తున్నానని పక్కింటి పాపతో అన్నాను. చెరువు వైపు చూసింది.

జులై 4
గీత 8 మిల్లీమీటర్లు దిగింది. డెక్క పైన పుడుతుంది, కింద అరుగుతుంది. మేకుల రంధ్రాలూ దాంతోపాటే దిగుతున్నాయి.

జులై 22
ముసురు. ఎడమ వెనక కాలెత్తితే వాసన. డెక్క అడుగున మెత్తటి ముక్కోణం ఉంటుంది, చాచా పుతలీ అంటాడు. దాని పక్క గాడిలో నల్లటి జిగట. తడి పేడలో నిలబడితే వచ్చే కుళ్లు. కడిగి, ఆరబెట్టి, మందు దూది కూరాను. శాలలో మొరం పోయించాం. పొడి నేల లేకపోతే మందు ఆగదు.

ఆగస్టు 9
జెనొఫోన్ చదివాను. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దపు గ్రీకు. గుర్రాన్ని దువ్వేచోట నాలుగైదు బండ్ల గుండ్రాళ్లు పోయించమంటాడు, ఒక్కోటి చేతి నిండా వచ్చేంతవి. వాటి మీద నిలబడి నిలబడి డెక్కలు గట్టిపడతాయట. చాచాకు చెప్పాను. "గుర్రాలను సాకినోడే" అన్నాడు.

ఆగస్టు 23
ఎటు చూసినా లేత గడ్డి. కాసేపే వదులుతున్నాను. ఆ గడ్డిలోని తీపి ఎక్కువైతే డెక్క లోపలి పొర వాస్తుంది. ముదిరితే డెక్క గోడకూ ఎముకకూ పట్టు తప్పుతుంది. పై కీలు వెనక నాడి పట్టి చూశాను. వేలికి అందీ అందనట్టుంది. అలాగే ఉండాలి.

సెప్టెంబరు 14
ఐదు వారాలకోసారి చాచా వస్తున్నాడు. అంచు గుండ్రంగా అరగదీశాడు. చివరి మేకు రంధ్రం ఆ పొడిలో పోయింది. నాలుగు కాళ్లూ ఎత్తి వెతికాను. లేదు.

నవంబరు 2
వంగి నడక చూశాను. మడమ ముందు ఆనుతోంది. జూన్‌లో మొన ముందు ఆనేది. మడమ నొప్పి అని అప్పుడే తెలుసుకోవాల్సింది.

ఫిబ్రవరి 18
ఫంక్షన్‌హాలు బయట తెల్ల గుర్రం. జూలు నిండా పూలు. కాలు మార్చి కాలు మార్చి నిలబడుతోంది. ముందు కాలి నాడాకు రెండు మేకులు లేవు. పట్టుకున్న కుర్రాడికి చాచా నంబరు ఇచ్చాను. రాసుకున్నాడు.

ఏప్రిల్ 12
జూన్ నాటి గీత నేలను తాకింది. ఇప్పుడున్న గోడంతా నాడాలు తీశాక పుట్టిందే. కొత్త గీత గీయించలేదు.
పొద్దున ఇసుక వదిలి, కంకర మీదుగా తొట్టి దగ్గరకు తనే వెళ్లింది.