చెవి కొలతలు

మనిషి వొంటి కొలతలన్నీ ఎవరో ఒకరి దగ్గర వుంటాయి. ఛాతీ, నడుమూ దర్జీ పుస్తకంలో వుంటాయి. పాదం సైజు చెప్పుల కొట్లో కుర్రాడు చూసీ చూడగానే చెప్పేస్తాడు. వేలి కొలత కంసాలికి తెలుసు. తల కొలత హెల్మెట్ అమ్మేవాడు పసిగడతాడు. చెవి రంధ్రం కొలత మాత్రం ఎవరి దగ్గరా లేదు. కంసాలికి తమ్మె వరకే ప్రవేశం, ఆ లోపలి సంగతి ఆయనకి అక్కర్లేదు. చెవులు కుట్టించిన రోజున మేనమామ వొళ్లో కూచోబెట్టుకున్నాడు గాని, ఆయనా టేపు పెట్టి చూళ్లేదు.

ఈ కొలత తెలియకపోవడం వల్ల తరతరాలుగా ఎవరికీ ఏ నష్టమూ రాలేదు. అప్పట్లో చెవిలోకి వెళ్లేవి చిటికెన వేలూ, కోడి ఈకా, పక్కింటి కబుర్లూను. వీటికి సైజులతో పని లేదు. ఇప్పుడలా కాదు. ఇంటిల్లిపాదికీ తలా ఒక జత ఇయర్‌ఫోన్లు. పొద్దున్న వాకింగ్‌లో పెద్దాయన చెవిలో ప్రవచనం, వంటింట్లో కోడలి చెవిలో సీరియల్ కథ, గదిలో కుర్రాడి చెవిలో ఏముందో ఆ పరమాత్ముడికే తెలియాలి. ఒకప్పుడు వీధి మొత్తానికి ఒక రేడియో వుంటే, ఇప్పుడు ఒక్కో చెవికి ఒక్కో రేడియో అన్నమాట.

సరే, ఆ డబ్బా కొన్నవాళ్లు విప్పి చూసే వుంటారు. అడుగున చిన్న ప్లాస్టిక్ సంచీలో పుట్టగొడుగుల పిల్లల్లాంటి రబ్బరు బుడిపెలు వుంటాయి. వాటిని టిప్పులు అంటారు. చిన్నవి ఒక జత, పెద్దవి ఒక జత. మధ్య రకం ముందే తొడిగి వుంటుంది. చాలా ఇళ్లల్లో ఆ సంచీ వాచీ గ్యారంటీ కార్డులూ, పాత చొక్కాల స్పేర్ గుండీలూ వుండే సొరుగులోకి వెళ్లిపోతుంది. అసలు సరుకు ఆ సొరుగులో పడుకుందనీ, చెవిలో పెట్టుకున్నది సగం సరుకేననీ ఎవరికీ తోచదు.

ఎందుకు సగమో చెబుతాను. చెవి కాలువ పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. వెడల్పు ఇంచుమించు 7 మిల్లీమీటర్లు. అదేమన్నా నీళ్ల గొట్టంలా గుండ్రంగా, తిన్నగా వుందా అంటే లేదు. కోడిగుడ్డు వాటంగా వుండి, పాము మెలికలా రెండు వొంపులు తిరుగుతుంది. పైగా ఎవరి మెలిక వారిదే. ఇంకా చిత్రం, ఒకే తలకి వున్న రెండు చెవులూ కూడా ఒకలా వుండాలని లేదు. అన్నదమ్ముల్లా ఒక ఇంట్లో పుట్టాయే గాని, కుడిదానికి పెద్ద సైజు, ఎడమదానికి మధ్య సైజు పడితే అందులో వింతేమీ లేదు. రెండు చెవులకీ ఒకే సైజు పెట్టి తీరాలని ఏ శాస్త్రంలోనూ రాసి లేదు.

ఇక ఆ బుడిపె పని ఏమిటంటారా? ప్రెషర్ కుక్కరుకి గ్యాస్కెట్ చేసే పనే. గ్యాస్కెట్ సరిగా అమరకపోతే ఏమవుతుంది? ఆవిరి పక్కనుంచి బుస్సుమంటూ పోతుంది. విజిల్ రాదు, పప్పు ఉడకదు. ఇయర్‌ఫోన్‌లో వున్న పొర బహు చిన్నది. చెవి కాలువలో బిగించిన కాస్త గాలిని ముందుకీ వెనక్కీ తోస్తూ అది శబ్దం పుట్టిస్తుంది. పక్కన సందు వుంటే ఆ తోపుడు బయటికి జారిపోతుంది. అన్నిటికన్నా ముందు జారిపోయేది మంద్రం, అంటే అడుగు స్వరం. మృదంగంలో ఎడమవైపు తొప్పికి రవ్వ ముద్ద పట్టించి మరీ రప్పించిన ఆ గుంభనమైన నాదం సందులోంచి వీధిలోకి పోతుంది. మిగిలేది కుడివైపు టకటకలూ, తాళాల గణగణలూను. అప్పుడు మనం అనే మాట: ‘‘ఈ ఇయర్‌ఫోన్లు బాగాలేవండీ, బేస్ లేదు.’’ గ్యాస్కెట్ పెట్టకుండా కుక్కర్ని తిట్టినట్టే కాదూ?

తిట్టి వూరుకుంటే బాగానే వుండును. బేస్ లేదని సౌండు పెంచుతాం. అసలు కష్టం అక్కడ మొదలవుతుంది.

మా మేనల్లుడొకడు హైదరాబాదులో వుద్యోగం చేస్తున్నాడు. రోజూ దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగుతాడు. చెవుల్లో పాటలు లేనిదే అడుగు వెయ్యడు. క్రిందటేడు పండక్కి వచ్చినప్పుడు రాత్రి భోజనాలయ్యాక డాబా మీద నా పక్కన మంచం వేసుకున్నాడు. కాసేపటికి లేచి కూచున్నాడు.

‘‘మావయ్యా, మీకేమన్నా కీచురాయి కూత వినిపిస్తోందా?’’ అన్నాడు.

నేను చెవులు రిక్కించాను. దూరాన కుక్క తప్ప ఏమీ లేదు. ‘‘లేదురా,’’ అన్నాను.

‘‘నాకు వినిపిస్తోంది. వారం రోజుల్నుంచి. పడుకుంటే చాలు, కుడి చెవిలో గుయ్యిమంటోంది. అమ్మకి చెప్పకండి,’’ అన్నాడు.

ఇరవయ్యారేళ్లవాడు. ఆ చీకట్లో వాడి గొంతులో భయం నాకు తెలిసింది. మర్నాడే చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన అద్దాల గదిలో కూచోబెట్టి రకరకాల శబ్దాలు వినిపించి, కాయితం మీద గీత గీశాడు. వినికిడి చెడలేదన్నాడు. వెంటనే ఇంకో మాట కూడా అన్నాడు: ‘‘ఈసారికి తప్పించుకున్నావు బాబూ. ఆ గుయ్యి నీ చెవి రాసిన వుత్తరం. చదువుకో.’’

ఆయన తర్వాత విప్పి చెప్పిన సంగతులు మా ఇద్దరికీ పనికొచ్చాయి. లోపలి చెవిలో నత్తగుల్లలాంటి భాగంలో సన్నని కేశాలున్న కణాలు వుంటాయట. ఒక్కో చెవికి సుమారు 15,000. శబ్దాన్ని పట్టి మెదడుకి అందించేది అవే. తలమీద వెంట్రుక రాలితే మళ్లీ వస్తుందన్న ఆశైనా వుంది, ఇవి పోతే మనుషుల్లో మళ్లీ మొలవవు. ఎంత శబ్దం ఎంతసేపు వినవచ్చో దానికీ ఒక లెక్క వుంది. కర్మాగారాల్లో పనివాళ్ల కోసం అమెరికాలో ఆరోగ్య సంస్థ వారు చెప్పిన లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకి 8 గంటలు వుండొచ్చు. ఆపైన 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా టైము సగానికి పడిపోతుంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు. అలా దిగుతూ 100 డెసిబెల్స్ దగ్గర పావుగంటే మిగులుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే పాటలు వినేవాళ్లకి ఇంకా కాస్త జాగ్రత్త చెప్పింది: పెద్దవాళ్లకి 80 డెసిబెల్స్ చొప్పున వారానికి 40 గంటలు. ప్రపంచం మొత్తం మీద 110 కోట్లమంది కుర్రకారు చెవులు ప్రమాదంలో వున్నాయని 2015లో హెచ్చరించింది కూడా ఆ సంస్థే.

ఇంటికొచ్చాక నేను వాడి ఇయర్‌ఫోన్లు చూశాను. డబ్బాలో తొడిగి వచ్చిన బుడిపెలే అలాగే వున్నాయి. ‘‘మిగతావేవిరా?’’ అంటే ‘‘మిగతావా? అవి స్పేర్లు కదా మావయ్యా!’’ అన్నాడు. అదృష్టవశాత్తూ ఆ సంచీ వాడి బ్యాగు అడుగున, బస్సు టిక్కెట్ల మధ్య దొరికింది. కుడి చెవికి పెద్దది తొడిగాం. ఎడమకి మధ్యదే సరిపోయింది. పెట్టుకుని పాట వేశాడు. వెంటనే ఉలిక్కిపడి తీసేశాడు. ఫోనులో పదిహేను మెట్లుంటే వీడు రోజూ పధ్నాలుగో మెట్టు మీద వింటున్నాడు. ఇప్పుడు ఏడో మెట్టుకి దిగి, ‘‘ఇందులో ఇంత మృదంగం వుందా!’’ అని నోరెళ్లబెట్టాడు. బయట మా ఆవిడ మిక్సీ వేసింది. అదీ అంతంత మాత్రంగానే వినిపించిందట. సందు పూడిస్తే లోపలిది బయటికి పోదు, బయటిది లోపలికి రాదు. రైలు రొద మీద పోటీ పడి పాట అరవాల్సిన పని తప్పింది.

చెవిలోకి గొట్టం పెట్టుకుని వినడం కొత్త విద్య కాదు లెండి. 1816లో లెనెక్ అనే ఫ్రెంచి వైద్యుడు కాయితం చుట్టి రోగి గుండె మీద పెట్టి విన్నాడు. అదే స్టెతస్కోపుకి పునాది. ఈనాటికీ స్టెతస్కోపు కొనే కుర్ర డాక్టర్లు చెవి బుడిపెలు సరిపోయాయో లేదో చూసుకుంటారు, వాటి మొహం ముక్కు వైపుకి వుండేలా పెట్టుకుంటారు. కాలువ వొంపు అటే కాబట్టి. 1979లో సోనీ వారి వాక్‌మన్ వచ్చినప్పుడు స్పాంజి బిళ్లలు చెవి మీద ఆనించుకునేవారు. 2001లో ఐపాడ్‌తో వచ్చిన తెల్లటి గుండీలు చెవి గుమ్మంలో కూచునేవి. గుమ్మం దాటి లోపలికి వెళ్లే రకం వాటికంటే ముందే వుంది. 1991లో ఎటిమోటిక్ అనే అమెరికా కంపెనీ మూడంచెల గొడుగులాంటి బుడిపెలతో ఒకటి చేసింది. కచేరీ వేదికల మీద వాయిద్యాల హోరులో పాడేవాళ్లకి ఇటువంటివి వరమయ్యాయి.

బుడిపెల్లోనూ కులగోత్రాలు వున్నాయి. మామూలువి సిలికాన్‌వి. కడుక్కోవచ్చు, చాలాకాలం వుంటాయి. రెండోవి ఫోమ్‌వి, స్పాంజిలాంటివి. వేళ్ల మధ్య నలిపి సన్నగా చేసి చెవిలో పెడితే నెమ్మదిగా ఉబ్బి, మన కాలువ ఆకారానికి తామే వొదిగిపోతాయి. 1970 దశకంలో ఫ్యాక్టరీ రొద నుంచి పనివాళ్ల చెవులు కాపాడటానికి వచ్చిన పచ్చటి బిరడాలకి ఇవి చుట్టాలు. బయటి రొద ఆపడంలో వీటిని మించినవి తక్కువ. అయితే తారస్థాయిని కాస్త మెత్తబరుస్తాయి, తంబురా జీవా సవరించినప్పుడు వచ్చే ఆ ఝంకారం కొంచెం ముసుగులో పడుతుంది. పైగా కొన్నాళ్లకి గట్టిపడి చెడిపోతాయి, మళ్లీ కొనాలి. సిలికాన్‌లో కూడా నోరు వెడల్పుగా వున్నవి సాధారణంగా పై స్వరాలు విప్పి చూపిస్తాయి, నోరు సన్నగా వున్నవి మంద్రం వైపు మొగ్గుతాయి. ఎవరి రుచి వారిది. పప్పులో ఇంగువ ఎంత పడాలో ఇంకొకరు ఎలా చెబుతారు?

సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి యంత్రాలక్కర్లేదు. రెండో చేత్తో చెవిని కాస్త పైకీ వెనక్కీ లాగి, బుడిపెని మెల్లిగా తిప్పుతూ పెట్టండి. లాగితే వొంపు సర్దుకుంటుంది. తర్వాత వో మాట మాట్లాడండి. మీ గొంతు కుండలో తల పెట్టి మాట్లాడినట్టు మోగితే సందు పూడిందన్నమాట. ఇప్పుడు నోరు తెరిచి మూయండి, దవడ కదిలితే కాలువ ఆకారమూ కాస్త మారుతుంది. అప్పుడు జారిపోతే ఒక సైజు పెంచండి. అరగంటకి లోపల నొప్పి పుడితే ఒక సైజు తగ్గించండి. కొత్త చెప్పు కరిస్తే నాల్రోజుల్లో అలవాటవుతుందని వోర్చుకుంటాం. చెవి దగ్గర ఆ వోర్పు పనికిరాదు. కరిచే ఇయర్‌ఫోను ఎంత ఖరీదైనదైనా కరిచేదే. ఇవి పెట్టుకుని జంతికలు మాత్రం తినకండి, తలలో రోడ్డు రోలరు తిరుగుతుంది.

ఇంకో సంగతి. ఒకవైపు సౌండు తగ్గిందని కొత్తవి కొనేముందు బుడిపె తీసి చూడండి. ఆ కిందనున్న జల్లెడలో గులిమి చేరి వుంటుంది. బుడిపెని వూడదీసి సబ్బునీళ్లతో కడిగి, ఆరాక తొడగండి. ఎంగిలి గ్లాసు ముట్టని ఇళ్లల్లో కూడా ఒకరి ఇయర్‌ఫోన్లు ఒకరు ధారాళంగా వాడేసుకోవడం నాకు ఎప్పటికీ అర్థం కాదు.

ఇన్ని చెప్పాక మా ఆవిడ ఒక్క ముక్క అడిగింది: ‘‘ఇంత గట్టిగా బిరడాలు బిగించుకుంటే, వెనకాల లారీ వస్తే ఎవరు చెబుతారు?’’ దీనికి డెసిబెల్స్ లెక్కలో జవాబు లేదు. రోడ్డు మీద తీసెయ్యడమే జవాబు. మేనల్లుడికి ఆ షరతూ పెట్టాం. స్టేషను మెట్లు దిగగానే చెవులు ఖాళీ చెయ్యాలి. చేస్తున్నాడో లేదో వాడికి తెలియాలి. గుయ్యి మాత్రం నెల తిరక్కుండానే పోయిందన్నాడు.

కంటికి రెప్ప వుంది, నోటికి పెదవులున్నాయి. చెవికి మాత్రం తలుపు లేదు. రాత్రీ పగలూ తెరిచే వుంటుంది. ఆ తలుపు ఇన్నాళ్లకి మనిషి చేసుకున్నాడు, మూడు సైజుల్లో. తలుపు బిగువుగా వుండాల్సిందే, సందేహం లేదు. గడియ మాత్రం మన చేతిలో వుండాలి. ‘‘కాఫీ చల్లారిపోతోంది’’ అని వంటింట్లోంచి మూడోసారి వినిపించే లోపు తీసేవాడే వినడం తెలిసినవాడు.