ఒంటిమీది ముగ్గు ఎవరిది?

మన అమ్మమ్మల చేతులమీద పచ్చబొట్లు మీరూ చూసే ఉంటారు. ఊళ్ళోకొచ్చిన ఎరుకల ఆవిడ సూదులతో పొడిచి, చేటెడు బియ్యం పుచ్చుకుని వెళ్ళేది. ఆ బొమ్మ ఎవరిదని ఎవరూ అడిగేవారు కాదు. ఇప్పుడు అడగాల్సి వస్తోందండీ.

మా అమ్మాయి కిందటేడు నా మెలికలముగ్గు ఒకటి మణికట్టుమీద టాటూ వేయించుకుంది. సంక్రాంతికి నేను సొంతంగా కల్పించిన ముగ్గది. నోటుబుక్కులో తారీఖుతో సహా ఉంది. ఆర్నెల్లు తిరక్కుండానే ఆ షాపువాళ్ళ ఆల్బమ్‌లో అదే ముగ్గు, కింద "మా సొంత డిజైన్" అని! నాకు ఒళ్ళు మండింది. "పోనిద్దూ, ముగ్గేగా" అన్నారు మావారు. ముగ్గేగా అంటే ఎలా చెప్పండి?

తెలిసిన లాయరుగారిని అడిగాను. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం మనం గీసిన బొమ్మా కళాకృతేనట, అందులో గొప్ప కళ ఉన్నా లేకపోయినా! రిజిస్టరు చేయించకపోయినా హక్కు ఉంటుంది. గీసినవాళ్ళు బతికినంతకాలం, ఆ తరవాత మరో 60 ఏళ్ళు. ఇంకొకరికి ఇవ్వాలంటే సంతకంతో కాగితం ఉండాలి. తరతరాలుగా అందరూ వేసే చుక్కలముగ్గు మాత్రం ఏ ఒక్కరి సొత్తూ కాదు.

అమెరికాలో ఇలాంటివి కోర్టుకే ఎక్కాయి. బాక్సర్ మైక్ టైసన్ ముఖంమీద 2003లో టాటూ వేసినతను, 2011లో 'ది హ్యాంగోవర్ పార్ట్ 2' సినిమాలో వేరే నటుడి ముఖాన ఆ బొమ్మ చూసి కేసు వేశాడు. బొమ్మ హక్కు అతనిదేనని టైసన్ ముందే సంతకం పెట్టి ఉన్నాడు. జడ్జిగారు సినిమా ఆపలేదుగానీ అతని వాదనలో బలముందన్నారు. చివరికి రాజీ అయింది. ఆ గీతల తీరు అసలు న్యూజిలాండు మావోరీలదని వాళ్ళలో కొందరు అభ్యంతరం చెప్పారు. మన చుక్కలముగ్గు సంగతే!

2020లో న్యూయార్కు కోర్టు, బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళ టాటూలు వీడియోగేమ్‌లో చూపిస్తే తప్పులేదంది. ఒంటిమీద బొమ్మ మనిషితోపాటే కనబడుతుందని వేసినవాళ్ళకి తెలుసుగా! నాకిది న్యాయంగానే తోచింది. చెయ్యి అమ్మాయిది, ముగ్గు నాది, సూదిపని షాపువాళ్ళది. ఆ పనికి డబ్బూ పుచ్చుకున్నారు.

నోటుబుక్కు పట్టుకెళ్ళి చూపించాను. "కస్టమరు తెచ్చిన డిజైన్" అని మార్చి రాశారు. నాకు డబ్బు అక్కర్లేదు, ఆ మాట చాలు.

అందుకే అక్కచెల్లెళ్ళూ, ముగ్గులైనా కుట్టుడిజైన్లయినా తారీఖు వేసి దాచుకోండి. మీ పిల్లలు టాటూ అంటే, అక్కడ సంతకం పెట్టే కాగితం మీరూ ఒకసారి చదవండి.