ఆ ‘మన’లో మనమూ ఉన్నామా?

గత నవంబరులో ఒకనాటి సాయంత్రం, మా మదరసాలో చదువుకునే పదేళ్ల బాలుడు నోటుపుస్తకంతో నా ఎదుట వచ్చి కూర్చున్నాడు. జాతీయ పాల దినోత్సవం సందర్భంగా బడిలో వ్యాసం రాసుకొని రమ్మన్నారట. ‘పాలు మన దేశానికి గర్వకారణం’ అని ఒక్క వాక్యం రాసి ఆగిపోయాడు. “హజరత్, ఈ ‘మన’లో మనం కూడా ఉన్నామా?” అని అడిగాడు. నా మనసు చివుక్కుమంది. ఎవరేమన్నారని నేను అడగలేదు. పాల కథ చెప్పాను.

పాలు దేశ గౌరవానికి గుర్తుగా మారడం దానంతట అది జరగలేదు. గుజరాత్‌లోని ఖేడా జిల్లా రైతులు దళారుల దోపిడీకి తాళలేక 1946లో సహకార సంఘం స్థాపించుకున్నారు. గేదె పాలను పొడి చేయడం సాధ్యం కాదని విదేశీ నిపుణులు తేల్చగా, 1955లో ఆనంద్ కర్మాగారం చేసి చూపింది. 1970లో మొదలైన ‘ఆపరేషన్ ఫ్లడ్’కు తొలి పెట్టుబడి, ఐరోపా దేశాలు ఉచితంగా ఇచ్చిన పాలపొడిని, బటర్ ఆయిల్‌ను ఇక్కడ అమ్మగా వచ్చిన సొమ్మే. పరాయి సాయంతో ఆరంభమైన ఆ పని క్రమంగా స్వావలంబనకు చిహ్నమయింది. ఐదు లక్షల మంది గుజరాత్ పాల రైతులు తలా రెండు రూపాయలు వేసుకొని నిర్మించిన ‘మంథన్’ సినిమా 1976లో వచ్చింది. 1990లలో అమూల్ ప్రకటనలు తమ సరుకును భారతదేశపు రుచిగా చాటాయి. 1998లో మన దేశం అమెరికాను దాటి పాల ఉత్పత్తిలో ప్రపంచ ప్రథమ స్థానానికి చేరింది.

“ఈ ఉద్యమానికి సారథ్యం వహించిన వర్గీస్ కురియన్ కేరళలో ఒక క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. ఆయన జన్మదినమైన నవంబరు 26నే 2014 నుండి పాల దినోత్సవంగా జరుపుతున్నారు” అన్నాను. బాలుని కళ్లు విచ్చుకున్నాయి.

అప్పుడు నా బాల్యం జ్ఞాపకం వచ్చింది. మా ఇంట్లో ఒకే ఒక గేదె ఉండేది. ఫజ్ర్ నమాజు ముగియగానే అమ్మీ పాలు పితికేది. నేను పాల కేంద్రానికి తీసుకువెళ్లేవాణ్ణి. పాలన్నీ అక్కడికే పోయేవి. మాకు పలుచని మజ్జిగే మిగిలేది. దేశం ఉత్పత్తిలో ముందుండటం వేరు, ప్రతి బిడ్డ గ్లాసు నిండటం వేరు.

ఒకసారి పండుగ దగ్గరపడింది. నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయన్న ఆశతో దారిలో చెంబెడు నీళ్లు కలిపాను. కేంద్రంలో లాక్టోమీటరు ముంచిన ఆయన నన్నొక్క మాటా అనలేదు; పాలు తిరిగి ఇచ్చేశాడు. ఇంటికి వచ్చి ఏడ్చాను. ఆ రాత్రి అమ్మీ హజ్రత్ ఉమర్ (రజి) కాలపు ఉదంతం చెప్పింది: పాలలో నీళ్లు కలపమని తల్లి చెప్పినా, ఖలీఫా చూడకపోయినా అల్లాహ్ చూస్తున్నాడని నిరాకరించిన పేద యువతి కథ. గోడ చాటున ఆ మాట విన్న ఖలీఫా ఆమెను తన కోడలిగా చేసుకున్నారు.

మర్నాడు అమ్మీ స్వయంగా నా వెంట వచ్చింది. అందరి ఎదుట, “నిన్న మా వాడు నీళ్లు కలిపాడు. ఇక కలపడు” అంది. ఆయన మా పాలు కొలిచి పెద్ద క్యానులో పోశాడు. మా వెనుక నిలిచిన వారి పాలూ అందులోనే పడ్డాయి. ఏ ఇంటి పాలు ఏవో ఇక ఎవరు వేరు చేయగలరు?

“నాయనా, దేశం మీద ప్రేమను మాటలతో చాటేవారు చాటనీ. మనం కల్తీలేని పాలు పోద్దాం, పొరుగు బిడ్డ ఆకలి తెలుసుకుందాం. క్యానులో మన పాలు ఉన్నప్పుడు ఆ గర్వంలో మన వంతు కోసం ఎవరినీ అడుక్కోనక్కరలేదు” అన్నాను.

అల్లాహ్ పశువుల కడుపు నుండి స్వచ్ఛమైన పాలను ప్రసాదించడాన్ని దివ్య ఖుర్ఆన్ నహ్ల్ సూరా గుర్తుచేస్తుంది. ఆ అనుగ్రహం త్రాగే వారందరిదీ.

బాలుడు మళ్లీ కలం పట్టాడు. మొదటి వాక్యంలోని ‘మన’ను కొట్టివేయలేదు. దాని కింద, ‘మా నానీ రోజూ తెల్లవారుజామున గేదె పాలు పితుకుతుంది’ అని రాశాడు.