రంగుగుండ్ల ఆట, కృష్ణగిరి కోట

హోసూరులో తరతరాలుగా కాపురముంటున్న మన పాఠకులకు కృష్ణగిరి కొండను గూర్చి మేము క్రొత్తగా చెప్పవలసినది ఏమున్నది? బస్సులో సేలం వైపు పోయేటప్పుడు ప్రతివారూ చూచేదే. అయితే చూడటం వేరు, ఎక్కడం వేరు. నలబై ఆరేళ్ళు వచ్చేవరకు మేము ఆ కొండ ఎక్కలేదంటే నమ్మండి. మొన్న మా ఆఫీసువారి పుణ్యమా అని ఆ భాగ్యం కలిగింది. దానితోపాటు ముసలితనానికి ముందుగా ఒక తుపాకీ యుద్ధం చేసే యోగం కూడా పట్టింది.

సంగతి ఏమంటే, మేము పనిచేసే ఫ్యాక్టరీలో స్టోర్సు విభాగం, లెక్కల విభాగం అని రెండున్నవి. మేము స్టోర్సు గుమాస్తాలము. రెండు విభాగాలకూ మధ్య ఒక చెక్క తడికె తప్ప అడ్డులేదు. కాని ఎనిమిది నెలలుగా మాటలు లేవు. ఏదైనా అడగవలసివస్తే చీటీ వ్రాసి ప్యూను చేతికి ఇవ్వటమే. పోయిన ఏడు ఆడిట్ సమయంలో సరుకుల రాక రిజిస్టరు ఒకటి కనబడకుండా పోయింది. లెక్కల విభాగపు కుర్రవాడొకడు దానిని తీసుకొనిపోయిన మాట నిజం. తిరిగి ఇచ్చానని అతడు, ఇవ్వలేదని మేము. చివరకు అతనికి మెమో వచ్చింది. అప్పటినుంచి తడికె గోడ అయింది.

మేనేజరుగారు ఇదంతా గమనించి, రెండు విభాగాలవారూ కలిసి రెండు రోజులు విహారానికి వెళ్ళవలసిందని ఉత్తరువు చేశారు. శనివారం హోసూరు వెలుపల ఒక తోటలో "పెయింట్ బాల్" అనే ఆట, ఆదివారం కృష్ణగిరి కొండ. ఇంట్లో ఈ మాట చెప్పగానే "ఈ వయసులో తుపాకీ ఆట ఏమిటండీ, మోకాళ్ళ నొప్పులకు నూనె వ్రాసేది ఎవరు?" అన్నది మా ఆవిడ. ఆమె మాట కొట్టివేయదగినది కాదు. అయినా వెళ్ళాము.

ఈ ఆట పుట్టుక చిత్రమైనది. అమెరికాలో అడవి ఉద్యోగులు నరకవలసిన చెట్లకు, పశువుల కాపరులు మందలోని పశువులకు దూరం నుంచే గుర్తు పెట్టడానికి రంగుగుండ్లు విసిరే పిస్తోలు ఒకటి వాడేవారు. 1981 జూన్ 27న న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని హెన్నికర్ వద్ద పన్నెండుమంది ఆ పిస్తోళ్ళు పట్టుకొని అడవిలో దిగారు. ఎవరికి వారే, జట్లు లేవు. జెండాలను ఎవరు ముందుగా పోగు చేసుకొని బయటపడితే వారిదే గెలుపు. గెలిచినది రిచీ వైట్ అనే అడవి ఉద్యోగి. విశేషమేమంటే ఆయన ఒక్క గుండు కూడా పేల్చలేదు. చెట్ల చాటున చప్పుడు లేకుండా నడిచి జెండాలన్నీ తెచ్చుకొన్నాడు. ఈ కథ విన్నప్పుడు మాకు ధైర్యం కలిగింది. గురి లేకపోయినా పరవాలేదన్నమాట!

గుండు అంటే సీసపు గుండు కాదు. మందుల షాపులో అమ్మే చేపనూనె మాత్ర వున్నదే, అలాంటి జిలాటిన్ తిత్తిలో నీళ్ళతో కడిగితే పోయే రంగు పోసి వుంటుంది. గాలి ఒత్తిడితో తుపాకీ దానిని విసురుతుంది. వేగం సెకనుకు మూడు వందల అడుగులు దాటకుండా ముందే కొలిచి సరిచేస్తారు. తగిలితే పగిలి రంగు అంటుకొంటుంది. నొప్పి లేదనుకోకండి, చిన్నప్పుడు బడిలో బెత్తం తిన్నవారికి ఆ అనుభవం మళ్ళీ గుర్తుకు వస్తుంది. అందుకని కళ్ళూ ముఖమూ మూసే ముసుగు తొడిగిస్తారు. మైదానంలో వున్నంతసేపూ, ఊపిరాడకపోయినా సరే, ఆ ముసుగు తీయరాదు. ఇది మొదటి నియమం.

రెండవ నియమం మమ్మల్ని ఆలోచింపజేసింది. రంగు తగిలినవాడు తానే చెయ్యి పైకెత్తి "తగిలింది" అని చెప్పి బయటకు పోవాలి. అంపైరు వుంటాడు గాని అందరినీ చూడలేడు కదా. రంగును చేత్తో తుడిచేసి ఆట సాగించటం ఈ ఆటలో అన్నిటికంటె నీచమైన దొంగతనమట. ఆట నేర్పే అబ్బాయి ఈ మాట రెండుసార్లు చెప్పాడు.

మేము ఎనిమిదిమంది, వారు ఎనిమిదిమంది. నడుమ ఒక జెండా. అక్కడక్కడ పాత డ్రమ్ములు, లారీ టైర్ల గుట్టలు, ఇసుక మూటలు. మొదటి ఆటలో ఈల వినబడగానే మా ఎనిమిదిమందీ పెళ్ళిపంక్తికి పరుగెత్తినట్లు జెండావైపు పరుగెత్తాము. అయిదుగురు ఒకే డ్రమ్ముచాటున దూరారు. వాళ్ళలో ఇద్దరు ఎడమనుంచి చుట్టివచ్చి అయిదుగురికీ ఒకేసారి రంగు పూశారు. నాలుగు నిమిషాలలో మా కథ ముగిసింది.

ఓడినవారికి బుద్ధి చెప్పటానికి అందరూ సిద్ధంగా వుంటారు. ఆట నేర్పే అబ్బాయి దయతో చెప్పినవి మూడే ముక్కలు. "ఒక చాటులో ఒకరే వుండండి. ఒకరు పేలుస్తూ ఎదుటివారి తల ఎత్తనివ్వకుండా చేస్తే ఆ సందులో ఇంకొకరు ముందుకు జరగండి. అన్నిటికంటె ముఖ్యం, నోరు విప్పండి. మీకు కనబడినది పక్కవాడికి కనబడదు." మూడవ ముక్క వినగానే మేము ఒకరి ముఖం ఒకరు చూచుకొన్నాము. ఎనిమిది నెలలుగా చీటీలతో కాలం గడిపినవారికి అది తుపాకీ పాఠంగా తోచలేదు.

రెండవ ఆటకు పథకం వేసుకొన్నాము. గుండ్లు ఎన్ని మిగిలాయో లెక్క చూచేవాడొకడు, ఎడమ దిక్కు కాపు ఒకడు, పరుగు తీయగల కుర్రవాళ్ళు ఇద్దరు. పరుగెత్తలేని మేము వెనుక ఇసుక మూటల దగ్గర కూర్చుండి, ఎదుటివారు ఎక్కడెక్కడ వున్నదీ చూచి కేకవేయాలి. కేక తెలుగులో వేయాలని కూడా నిర్ణయించుకొన్నాము. ఆఫీసులో అందరం అరవంలోనే మాట్లాడుకొంటాము. లెక్కల విభాగంలో తెలుగువారెవరూ లేరని మా నమ్మకం.

"కుడి డ్రమ్ము వెనక ఇద్దరున్నారు! గోడ దగ్గర ఒకడు! ఎడమ నుంచి పో!" అని కేకలు వేశాము. మావాడు ఎడమనుంచి పోయాడు. అక్కడ మెమో అందుకొన్న ఆ కుర్రవాడే తీరికగా కూర్చుండి వున్నాడు. "కుడికి రా" అన్నాము. కుడిన కూడా మనిషి సిద్ధం. రెండవ ఆట కూడా పోయింది. ముసుగులు తీసి నీళ్ళు త్రాగుతూండగా ఆ కుర్రవాడు మా దగ్గరకు వచ్చి, మూడేళ్ళలో మొదటిసారిగా తెలుగులో అన్నాడు.

"ఏమన్నా, నాకు అర్థం కాదనుకొంటిరా? మా యింట్లో అవ్వ మాట్లాడేది తెలుగే గదా!"

మేము నోరు తెరిచాము. అతనిది సూళగిరి పక్క పల్లె. బడిలో చదివింది అరవం. తెలుగు అక్షరం ఒకటీ రాదు, మాట మాత్రం మన యాసే. మూడేళ్ళు తడికెకు ఆవల కూర్చున్న మనిషిని పరాయివాడనుకొన్నాము. మేము అడగలేదు, అతడు చెప్పలేదు. మన హోసూరు సంగతి తెలియనిదెవరికి? సంతలో మూడు భాషలు మాట్లాడని మనిషి వుండడు. ఏ యింట్లో ఏ భాష వున్నదో వాకిలి చూచి చెప్పలేము.

మూడవ ఆటలో మేము కొంచెం తెలివి ఉపయోగించాము. కుడి అంటే ఎడమ అనీ, ఎడమ అంటే కుడి అనీ ముందే గుసగుసగా అనుకొని, పెద్దగా కేకలు వేశాము. వారు కుడికి తిరిగారు, మా కుర్రవాళ్ళు ఎడమనుంచి జరిగారు. జెండా ఇటు ఇద్దరికి, అటు ఒక్కడికి మిగిలింది. ఆ ఒక్కడు సూళగిరి కుర్రవాడే. టైర్ల వెనుకనుంచి దూకి జెండా చేతబట్టి పరుగు తీశాడు. మావాళ్ళు పేల్చిన గుండ్లు అన్నీ నేలపాలయినవనుకొన్నాము. అంపైరు కూడా అలాగే అనుకొని ఊరకున్నాడు. గీత దాటటానికి పది అడుగులున్నది. అతడు ఆగి, తన మడమ చూచుకొని, చెయ్యి పైకెత్తాడు. బూటు వెనుక నెయ్యిచుక్కంత పసుపురంగు.

మేము గెలిచాము. కుర్రవాళ్ళు చప్పట్లు కొట్టారు. మాకు మాత్రం చెయ్యి ఆడలేదు. ఎందుకో చెప్పవలసిన చోటు ముందున్నది.

మరునాటి ఉదయం కృష్ణగిరికి బయలుదేరాము. హోసూరునుంచి యాభై కిలోమీటర్ల దారి. చల్లని గులాబీ తోటల సీమనుంచి సూళగిరి దాటి దిగుతూపోతే మామిడితోటల సీమ వస్తుంది. ఇవన్నీ ఒకప్పటి బారామహలు నేలలు. పన్నెండు దుర్గాలున్న దేశం కనుక ఆ పేరంటారు. విజయనగరపు చివరి రోజులలో పెనుగొండను కాపాడినందుకు బహుమానంగా జగదేవరాయలు ఈ సీమను పొందాడని చరిత్ర. మన పెద్దలలో కొందరు ఈ సీమకు వచ్చినది ఆ కాలంలోనే కావచ్చు.

కొండ నున్నని నల్లరాయి. మెట్లు నిట్టనిలువుగా వున్నవి. పైన దర్గా వున్నది, రాతిలో నీటి గుండాలున్నవి. సగం ఎక్కేసరికి మా మోకాళ్ళు మా ఆవిడ పక్షం చేరాయి. సూళగిరి కుర్రవాడు వెనుకనే వచ్చి "నిదానమన్నా" అని చెయ్యి అందించాడు.

ఒక గోడ నీడన కూర్చుండి మేము చదివిన చరిత్ర కొంత మావారికి చెప్పాము. మొదటి మైసూరు యుద్ధంలో ఇంగ్లీషువారు ఈ కోటను చాలాకాలం చుట్టుముట్టి కూర్చున్నారు. 1768లో అది లొంగింది. మూడవ యుద్ధం నాటికి కోట టిప్పు సుల్తాను చేతిలో వున్నది. 1791 జూలైలో హోసూరు, రాయకోట ఇంగ్లీషువారి వశమైనవి. ఆ నవంబరులో కర్నల్ మాక్స్‌వెల్ అనే దళపతి రాత్రివేళ కృష్ణగిరి మీద పడ్డాడు. క్రింది కోట నిచ్చెనలతో ఎక్కి పట్టుకొన్నారు. పారిపోయే కావలివారి వెనుకనే తరుముకొంటూ పై కోట తలుపుదాకా వచ్చారు. ఇంకొక్క క్షణమైతే లోపల పడేవారు. తలుపు మూసుకొన్నది. పైనుంచి బండలు దొర్లాయి. నిచ్చెనలు, వాటిని మోసేవారు, అన్నీ చెల్లాచెదరు. మాక్స్‌వెల్ తిరిగి పోవలసివచ్చింది. చివరకు 1792లో శ్రీరంగపట్టణపు సంధిలో బారామహలు వారి చేతికి వచ్చింది గాని, ఆ కోటను ఆ రాత్రి గెలవలేదు.

"అంటే మన మొదటి ఆటే గదా సార్" అన్నాడు మా స్టోర్సు కుర్రవాడు. అందరం నవ్వాము. నిజమే. ముందున్నవారి పరుగు వెనుక నిచ్చెనలు మోసేవారికి అందకపోతే తలుపు ముందర నిలబడటమే మిగులుతుంది. పైవారికి బలం బండలే కాదు, సరైన క్షణంలో తలుపు మూసినవాడు ఒకడున్నాడు. అతని పేరు ఏ పుస్తకంలోనూ మేము చూడలేదు.

దిగేటప్పుడు మిగిలినవారిని ముందు పోనిచ్చి, సూళగిరి కుర్రవాణ్ణి ఆపాము. గొంతు తడి ఆరిపోయింది. ఆ రిజిస్టరు మా అల్మారాలోనే, పాత క్యాలెండర్ల కట్ట క్రింద, అతనికి మెమో వచ్చిన పదిహేను రోజులకు మాకు దొరికింది. ఎవరూ లేనప్పుడు దానిని బీరువాలో దాని చోట పెట్టివేశాము. లెక్కలవారే దొంగచాటుగా తెచ్చిపెట్టారని అందరూ అనుకొన్నారు. మేము ఊరకున్నాము. ఇరవై రెండేళ్ళ సర్వీసులో మచ్చ వద్దనుకొన్నాము. అంటే రంగు తుడిచేశాము. ఈ మాటలన్నీ అరవంలో మొదలుపెట్టి, ఎప్పుడో తెలుగులోకి వచ్చి ముగించాము.

అతడు చాలాసేపు మాట్లాడలేదు. కొండ క్రింద ఊరివైపు చూస్తూ నిలబడ్డాడు. "మా నాయన రెండు నెలలు నాతో సరిగ్గా మాట్లాడలేదన్నా" అన్నాడు. అంతే. క్షమించాననలేదు. అనవలసిన పని లేదు. కాని మెట్లు దిగేటప్పుడు మళ్ళీ చెయ్యి అందించాడు.

సోమవారం ఉదయం మేనేజరుగారికి ఉన్నది ఉన్నట్లు కాగితం వ్రాసి ఇచ్చాము. కుర్రవాని ఫైలునుంచి ఆ మెమో తొలగించారు. మాకు ఒక మెమో వచ్చింది. ఇంటికి తెచ్చి మా ఆవిడకు చూపాము. ఆమె దానిని చదివి, "మోకాళ్ళకు నూనె వేడి చేస్తాను, కూర్చోండి" అన్నది.

తడికె ఇంకా వున్నది. చీటీలు మాత్రం తగ్గాయి. ఆదివారాలు ఆ కుర్రవాడు మా యింటికి వచ్చి మా చిన్నమ్మాయి పాత వాచకంతో అక్షరాలు దిద్దుతున్నాడు. గుణింతాలలో వున్నాడు, ఈ పత్రిక చదవటానికి ఇంకా కొంతకాలం పడుతుంది. అందుచేత ఈ వ్యాసం మొదట అతనికి చదివి వినిపించాము. రిజిస్టరు సంగతి వచ్చినచోట "అది గూడా వేస్తారా అన్నా?" అని అడిగాడు. వేస్తామన్నాము. అతడు సరేనన్న తరువాతనే సంపాదకులకు పంపుతున్నాము.